గాజు సముద్రానికి కోరంటి

సముద్రాన్ని చూడాలంటే మా గోపన్‌పల్లి నుంచి మూడొందల కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలి. అలాంటిది పోయినేడు మా చిన్నాడు ఆ సముద్రాన్నే మా హాల్లోకి తెచ్చి పెట్టాడు. ఇంటర్ పరీక్షలయ్యాక ఏం కావాలిరా అని వాళ్ల నాన్న అడగడం పొరపాటైంది. సెల్‌ఫోన్ అడుగుతాడనుకున్నాం. వాడు ఉప్పునీళ్ల అక్వేరియం అడిగాడు!

రెండువందల లీటర్ల గాజుపెట్టె వచ్చింది. లీటరుకి ముప్ఫై అయిదు గ్రాముల లెక్కన ఏడు కిలోల ఉప్పు వచ్చింది. అది మనం పప్పులో వేసుకునే ఉప్పు కాదు, సముద్రంలో వుండే ఖనిజాలన్నీ కలిపి తయారుచేసిన ఉప్పు. "ఆ ఉప్పుతో ఇంటిల్లిపాదికీ ఏడాది ఆవకాయ పెట్టుకోవచ్చే!" అంది మా అమ్మ. నెలన్నర పాటు ఆ పెట్టెలో నీళ్లూ రాళ్లూ తప్ప మరేం లేవు. నీళ్లు కుదురుకోవాలట. ఆ తరవాత నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చేపపిల్లలు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా విసుక్కున్న నేనే సాయంత్రం టీ గ్లాసుతో ఆ పెట్టె ముందు చేరడం మొదలెట్టాను.

గాజుకి పాచి పట్టింది. పాచి తినడానికి నాలుగు నత్తలూ, ముచ్చటగా వుంటాయని రెండు ఎర్రచారల రొయ్యలూ కొనుక్కొచ్చాడు. నత్తంటే నత్తే కదా, దానివల్ల ఏమవుతుందిలే అనుకుని సంచీ విప్పి తిన్నగా నీళ్లలో వదిలేశాడు. రెండువారాలు తిరిగేసరికి చేపల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. వాడు పరుగున కొట్టుకి వెళ్లి అడిగితే, నీలంరంగు మందొకటి ఇచ్చి నీళ్లలో పొయ్యమన్నారు. పోశాడు. చేపలు ఎలాగూ దక్కలేదు. మర్నాటికల్లా నత్తలూ, రొయ్యలూ కూడా పెట్టె అడుక్కి చేరాయి.

రోగం చంపినవి రెండు, మందు చంపినవి ఆరు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, నాకంటే జానెడు పొడుగైనవాడు, బాల్కనీలోకి పోయి గోడవైపు తిరిగి నించున్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. తెలిసినట్టు వాడికి తెలియకూడదని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం సంగతి విని మా పై అంతస్తులో వుండే నెల్లూరు వదిన దిగొచ్చింది. మాకు చుట్టరికమేం లేదు గానీ, మొదటిరోజే "వదినా" అని పిలిచింది, అంతే. పెట్టెలోకి ఒకసారి చూసి, "కొత్త జీవాన్ని తెచ్చి తిన్నగా పాత నీళ్లలో ఏసేస్తారా అబ్బయ్యా! కోరంటీన్‌లో పెట్టొద్దూ?" అంది.

కోరంటీన్! ఆ మాట వినగానే మా అమ్మ, "కోరంటి దవాఖానాలో పెడతారటే చేపల్ని?" అని నోరు నొక్కుకుంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలా దూరం పోయాను. ఎక్కడెక్కడికి పోయొచ్చానో చెబుతాను, వినండి.

హైదరాబాదు పాతకాపులకి కోరంటి అంటే తెలియకపోదు. నల్లకుంటలోని ఫీవరాసుపత్రిని మా అమ్మ తరం వాళ్లు "కోరంటి దవాఖానా" అనే అంటారు. ఇంగ్లీషు వాళ్ల క్వారంటైను మన నాలికల మీద నలిగి నలిగి కోరంటి అయి కూచుంది. ఏదో పువ్వు పేరులా వుంటుంది గానీ, ఆ పేరు చెబితే ఒకప్పుడు పిల్లలు జడుసుకునేవారట. కలరా, మశూచి, ప్లేగు లాంటి అంటురోగాల వాళ్లని ఊరికి ఎడంగా వుంచే చోటన్న మాట.

అసలు మాట ఇంగ్లీషూ కాదు, ఇటలీ వాళ్లది. 'క్వారంటా' అంటే నలభై. ఐరోపాని ప్లేగు ఊడ్చేసిన రోజుల్లో, 1377లో, ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా అనే చిన్న ఓడరేవు వాళ్లు ఒక కట్టడి చేశారు. ఇప్పుడా వూరిని డుబ్రోవ్నిక్ అంటున్నారు. ప్లేగున్న చోటినుంచి వచ్చే ఓడలూ, మనుషులూ ముందు ఊరిబయట ఒక నెల్లాళ్లు వుండాలి, ఆ తరవాతే ఊళ్లోకి రావాలి అని. తరవాత తరవాత ఆ ముప్ఫై రోజులూ నలభై అయ్యాయి. 1423లో వెనిస్ నగరం వాళ్లయితే ఇందుకోసం ఒక దీవినే కేటాయించి ఆసుపత్రి కట్టారు.

నలభై రోజులంటే నాకు మన మండలం గుర్తొచ్చింది. మందు ఒక మండలం వాడండి అంటారు, దీక్ష ఒక మండలం పట్టమంటారు. అక్కడ వాళ్లకీ ఇక్కడ మనకీ అదే లెక్క తోచడం నాకు వింతగా వుంది. ఆ రోజుల్లో వాళ్లకి సూక్ష్మజీవి అంటే తెలీదు. సూక్ష్మదర్శిని లేదు. తెలిసిందల్లా ఒక్కటే. రోగం లోపల దాక్కునుంటే దానంతటది బయటపడేదాకా వ్యవధి ఇవ్వాలి. మందు లేనిచోట రోజులే మందు.

ఆ కంటికి కనిపించని పురుగు సంగతి తేల్చడంలో మన జంటనగరాలకీ వాటా వుందండోయ్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ వుంది. మన కోరంటి దవాఖానాకి పెట్టిన అసలు పేరు కూడా ఆయనదే.

పరాన్నజీవి. ఎంత చక్కటి మాట చూడండి! పరుల అన్నం తిని బతికేది. కానీ రాస్ చూపించిన రహస్యం అంతకంటే లోతైనది. మనిషిని పీడించే ఆ జీవి దోమలో కొన్నాళ్లు మకాం పెడుతుంది. దోమ చక్కగా ఎగురుతూనే వుంటుంది. మన రోగం దానికి రోగంలా కనిపించదు. అది మోసుకొస్తుంది, అంతే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మా నత్తల దగ్గర పనికొస్తుంది.

ఇంతకీ ఈ సముద్రాన్ని గాజులో పెట్టే పిచ్చి ఎవరికి పుట్టింది? ఎవరో గడ్డాల శాస్త్రజ్ఞుడు అనుకుంటాం. కాదు. మనలాంటి ఆడవాళ్లకి!

1794లో ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్లో పుట్టిన ఝాన్ విల్‌ప్రూ అనే పిల్ల, కుట్టుపని వెతుక్కుంటూ పద్దెనిమిదో యేట పారిస్ చేరింది. 1816లో ఒక రాకుమారి పెళ్లిదుస్తులకి కుట్టుపని చేసి పేరు తెచ్చుకుంది. ఆ తరవాత పవర్ అనే వర్తకుణ్ణి పెళ్లాడి సిసిలీ దీవిలోని మెస్సీనాకి కాపురానికి వెళ్లింది. కాపురానికి వెళ్లిన చోట సముద్రం కనిపించింది. ఊరికే చూసి వూరుకోలేదు. అక్కడ ఆర్గొనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటుంది. ఆడదానికి కాగితమంత పల్చటి గుల్ల వుంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, లేక వేరే జీవి గుల్లలో దూరి కాపురం పెడుతుందా అని పండితులు తగువులాడుకుంటున్నారు. ఝాన్ గాజుతొట్లు చేయించి, వాటిలో సముద్రపు నీళ్లు పోసి, 1832 మొదలుకుని ఓపిగ్గా ఆ జీవుల్ని పెంచి చూసింది. గుల్లకి చిల్లి పడితే తనే అతుకు వేసుకుంటోంది! పరాయి ఇల్లు కాదు, ఆ ఇల్లాలు కట్టుకున్న సొంత ఇల్లే అని రుజువు చేసింది. బట్టకి చిరుగు పడితే కుట్టడం ఎరిగిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న అలా అడగగలిగిందని నాకనిపిస్తుంది. 1838లో ఆవిడ సేకరించిన వస్తువులూ కాయితాలూ మోసుకెళ్తున్న ఓడ మునిగిపోయింది. ఎంత కుమిలిపోయిందో పాపం!

రెండో ఆవిడ ఇంగ్లండులో అన్నా థిన్. వెస్ట్‌మిన్‌స్టర్ చర్చిలో పెద్ద పదవిలో వున్న మతాధికారి భార్య. 1846లో టోర్కీ తీరానికి వెళ్లినప్పుడు రాళ్లని అంటిపెట్టుకున్న చిన్న పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. జాడీలో పెట్టుకుని లండన్ తేవాలి. దారిలో కుదుపులకి ఒకదానికొకటి కొట్టుకుంటే? సూదీ దారం తీసి వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసిందట! లండన్ చేరాక రోజూ కొత్త సముద్రపు నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి? వున్న నీళ్లనే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంటా ముప్పావుగంటా పైనుంచి వొంపించేది, గాలి కలవడానికి. మనం కాఫీ తిరగబోసినట్టన్న మాట. ఆ పని చేసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిమనిషి. చరిత్ర థిన్ పేరు రాసుకుంది. చేతులు నొప్పెట్టేలా నీళ్లు వొంచిన మనిషి మాత్రం ఉత్త పనిమనిషిగానే మిగిలిపోయింది. ఈనాడు మా హాల్లో గుర్రుమనే గాలిమోటారు చప్పుడు విన్నప్పుడల్లా నాకా పేరులేని పిల్లే గుర్తొస్తుంది.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలందరూ చూసేలా మత్స్యగృహం తెరిచారు. మరుసటేడు, అంటే 1854లో, ఫిలిప్ గాస్ అనే ఆయన రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట ఇంటింటి మాటైపోయింది. ఇక చూస్కోండి, ప్రతి డ్రాయింగు రూములోనూ ఒక గాజుపెట్టె. జనం సముద్రపొడ్డుకి ఎగబడి రాళ్ల సందుల్లో బతికే జీవుల్ని గోకి గోకి పట్టుకుపోయారు. ఆ తీరాలు బోసిపోయాయని గాస్ గారి కొడుకే తరవాత తన ఆత్మకథలో వాపోయాడు. మన దక్షిణదేశంలో మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో సముద్రపు అక్వేరియం పెట్టారు. కోస్తా, రాయలసీమలు అప్పటికి ఆ మద్రాసు రాష్ట్రంలోవే కదా, మన వాళ్లెందరో పట్నం చూడబోయి ఆ వింతా చూసే వుంటారు.

ఈ కథలన్నిటిలోనూ ఒక తీరు కనిపిస్తుంది. ముందు తెచ్చుకోవడం మీద మోజు, ఆ తరవాత తెచ్చినదానితో ఏం వచ్చిందో తెలుసుకునే బుద్ధి. మా చిన్నాడిదీ అదే వరస.

ఉప్పునీళ్ల చేపలకొచ్చే ఆ తెల్లచుక్కల సంగతి జపాన్‌లో సికామా అనే శాస్త్రజ్ఞుడు 1937లో రాశాడు. 1951లో ఇంగ్లండులో బ్రౌన్ అనే పరిశోధకులు దానికి 'క్రిప్టోకారియాన్' అని పేరు పెట్టారు. కంటికి ఆనని ఏకకణ జీవి. దాని బతుకు నాలుగు వేషాలు. మొదట చేప చర్మంలో దూరి కడుపు నింపుకుంటుంది. మనకి కనిపించే తెల్లచుక్క అదే. బాగా బలిశాక చేపని వదిలి అడుక్కి జారి, రాయో, ఇసకో, గుల్లో, ఏది దొరికితే దాన్ని అంటుకుని చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి వందలవుతుంది. ఒకనాడు గూడు పగిలి పిల్లలన్నీ ఈదుకుంటూ చేపని వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే ఆకలితో చస్తాయి.

ఇప్పుడర్థమైంది కదా నత్త చేసిన పాపం? నత్త మీద ఆ జీవి బతకదు. రొయ్య మీదా బతకదు. దానికి చేపే కావాలి. కానీ కొట్టులో ఆ నత్తలున్న నీళ్లలో జబ్బు చేపలు తిరిగితే, గుల్ల మీద ఆ గూడు అంటుకుని వచ్చేస్తుంది. రాస్ గారి దోమలాగే నత్త హాయిగానే వుంటుంది, మోసుకు మాత్రం వస్తుంది. "చూడ్డానికి బాగానే వుంది కదా" అనే మాట మీద ఎన్ని కొంపలు మునిగాయో!

మరి మందో? అది రాగి మందు. చేపల వొంటి మీది ఆ పురుగుకి రాగి పాతకాలం నుంచీ వాడుతున్న మందే. కానీ వెన్నెముక లేని జీవులకి, అంటే నత్తలకీ, రొయ్యలకీ, పగడాలకీ, అదే విషం. ఇది విని మా అమ్మ నమ్మలేదు. రాత్రి రాగిచెంబులో నీళ్లు పోసుంచి పొద్దున్నే తాగే మనిషి ఆవిడ. "రాగి విషమేమిటే, చోద్యం కాకపోతే!" అంది. చోద్యమే మరి. రొయ్య నెత్తురులో వుండేదీ రాగే. మన నెత్తురు ఇనుముతో ఎర్రబడితే, దాని నెత్తురు రాగితో నీలమవుతుంది. వొంట్లో వుండాల్సినంత వుంటే ప్రాణం, నీళ్లలో పైనుంచి పడితే మరణం. పైగా ఆ రాగి రాళ్లలోకీ, పెట్టె అతుకుల్లోకీ ఇంకిపోయి, కొన్నాళ్లకి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. అందుకని రాగి పోసిన పెట్టెలో మళ్లీ నత్తల్ని వెయ్యకూడదంటారు.

అంటే ఏమైంది? ఈ జీవులకి మందు వెయ్యడానికి లేదు. వాటి వొంటి మీద వచ్చిన శత్రువుని చంపాలంటే దిక్కు ఒక్కటే, రోజులు గడపడం. చేపలు లేని వేరే పెట్టెలో వాటిని వుంచితే, గూళ్లు పగిలి వచ్చిన పిల్లలకి తిండి దొరక్క అంతటవే పోతాయి. ఎన్నాళ్లు? కొన్ని గూళ్లు రెండు నెలలు దాటాక కూడా పగిలినట్టు పరిశోధకులు చూశారు. అందుకే జాగ్రత్తపరులు డెబ్బయ్యారు రోజులని లెక్క పెట్టుకున్నారు. రగూసా వాళ్ల నెలకి రెండింతల పైన. ఇంచుమించు రెండు మండలాలు!

నెల్లూరు వదినకి ఇదంతా ముందే ఎలా తెలుసని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చేతి గాజులు వెనక్కి తోసుకుంటూ చెప్పింది.

1990 తరవాత నెల్లూరు జిల్లా తీరమంతా రొయ్యల చెరువులే. టైగర్ రొయ్య. వరి వేస్తే ఏడాదికి వచ్చేది రొయ్య నాలుగునెల్లలో ఇస్తుంటే ఎవరాగుతారు? వాళ్ల మామగారూ పొలం తవ్వించి ఉప్పునీళ్లు పెట్టారు. మొదటి రెండు పంటలకీ ఇంటికి రంగులు, ఆడపిల్లకి పెళ్లి. మూడోసారి పిల్ల ఎక్కడ తక్కువకి దొరికితే అక్కణ్ణించి తెచ్చి వదిలారు. 1994 ఆఖరు రోజులవి. ఒకనాడు పొద్దున చూస్తే రొయ్యలు మేత మానేసి గట్ల వెంబడి తేలుతున్నాయట. తల మీది చిప్పలో తెల్లమచ్చలు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ.

మా చిన్నాడి చేపలదీ తెల్లచుక్కే, ఆ రొయ్యలదీ తెల్లమచ్చే గానీ రెండూ ఒకటి కావు. ఇది పరాన్నజీవి, అది వైరస్. తైవాన్, చైనాల వైపు 1992 ప్రాంతంలో బయటపడి, 1993లో చైనా నుంచి తెచ్చుకున్న పిల్లతో జపాన్ చేరి, 1994కి మన తీరానికి వచ్చింది. మచ్చలు కనిపించాక మూడునాళ్ల నుంచి పదినాళ్లలో చెరువు తుడిచిపెట్టుకు పోతుంది. మనిషికి దానివల్ల ఏ హానీ లేదు. వొంటికి హాని లేదనుకోండి, కాపురాలకి వుంది. పీతలు దాన్ని మోస్తాయి, తాము మాత్రం నిక్షేపంగా తిరుగుతుంటాయి.

"మా అత్త మెళ్లో పుస్తెల తాడు తప్ప ఏం మిగల్లేదు వదినా. నా గాజులు నేనే తీసిచ్చాను. మళ్లీ వరి ఏద్దామంటే ఆ ఉప్పునేలలో గింజ మొలవలేదు. పిల్లోణ్ణి చదివించుకుందామని హైద్రాబాదొచ్చేశాం," అంది. ఆ పిల్లవాడే ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం చేస్తున్నాడు. మా గోపన్‌పల్లి అపార్టుమెంట్లలో తలుపు తట్టి చూడండి, సగం ఇళ్ల వెనక ఇలాంటి ఒక పొలమో, చెరువో వుంటుంది.

ఆ దెబ్బతో దేశం కోరంటి పాఠం నేర్చుకుంది. 2009లో టైగర్‌కి బదులు వనామి రొయ్యని పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా వున్న పసిఫిక్ తీరం. ఎంచిన రోగాలు లేకుండా తరతరాలుగా పెంచిన తల్లిరొయ్యల్ని విదేశాల నుంచి విమానాల్లో తెస్తారు. కానీ తెచ్చినవాటిని తిన్నగా హేచరీకి పంపరు. చెన్నై దగ్గర నీలాంకరైలో వాటికోసం ప్రత్యేకంగా కట్టిన క్వారంటైన్ కేంద్రముంది. అక్కడ విడిగా వుంచి, పి.సి.ఆర్. పరీక్ష చేసి, ఏ రోగమూ లేదని తేలాకే వదులుతారు. చూశారా, రగూసా ఓడల కట్టడే ఆరువందల ఏళ్ల తరవాత రొయ్యలకి! ఇక్కడ ఒక మెలిక వుంది. రోగం లేని రొయ్య అంటే రోగం రాని రొయ్య అని కాదు. వచ్చినప్పుడు శుభ్రంగా వుందని, అంతే. అందుకే చెరువు చుట్టూ పీతలు దూరకుండా కంచె, పక్షులు వాలకుండా పైన వల.

ఇంత చేసినా ఇంకొకటి సందు చేసుకుని దూరింది. అది మాత్రం అచ్చంగా పరాన్నజీవే. థాయిలాండులో 2009లో పేరు పెట్టారు. మన రైతులు పొడి అక్షరాలతో ఈ.హెచ్.పి. అంటారు. రొయ్య కాలేయంలో కూచుని, చంపదు, ఎదగనివ్వదు. మేత బస్తాలు కరిగిపోతుంటాయి, రొయ్య వేలెడే వుంటుంది. పరుల అన్నం తినడమంటే అదే మరి. తల్లిరొయ్యలకి బలమని వేసే బతికున్న సముద్రపు పురుగుల ద్వారా కూడా అది హేచరీల్లోకి రాగలదని తేలింది. సింహద్వారానికి తాళం వేసి, వంటింటి తలుపు తీసి పెట్టినట్టు! దీనికీ నమ్మకమైన మందు లేదు. పిల్లని పరీక్ష చేయించి తెచ్చుకోవడం, పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండగట్టి సున్నం కొట్టడం, ఇవే దారులు. వనామితో నిలదొక్కుకున్న ఆంధ్రప్రదేశ్ దేశంలో రొయ్యల పెంపకానికి మొదటి స్థానంలో వుందంటే, ఆ వెనక ఇంత కాపలా వుంది.

మా చిన్నాడు మళ్లీ మొదలెట్టాడు. వదిన పక్కన కూచుని చెబుతుంటే వాడు కాయితం మీద రాసుకున్నాడు. రాగి తగలని కొత్త చిన్నపెట్టె ఒకటి, హాల్లో కాదు, వెనక గదిలో. దానికి వేరే వల, వేరే గొట్టం, వేరే మగ్గు. దానిలో చెయ్యి పెడితే కడుక్కుని ఆరబెట్టుకోకుండా ఇంకోదాని జోలికి పోకూడదు. కొట్టు సంచీలోని నీళ్లు చుక్క కూడా పడకూడదు. ఉప్పు పాళ్లు మారితే ఈ జీవులు తట్టుకోలేవు గనక, మన నీళ్లు బొట్టుబొట్టుగా కలుపుతూ అలవాటు చెయ్యాలి. రొయ్య తల పక్కన చెక్కిలి వాచినట్టు బుడిపె వుంటే అందులో వేరే పరాన్నజీవి కూచుందని అర్థం, కొనకూడదు. రాత్రి దీపాలు ఆర్పి టార్చి వేసి చూడాలి, పగలు దాక్కునే పురుగులు అప్పుడే బయటికొస్తాయి. పగడాలూ కావాలన్నాడు గానీ, 2001 నుంచీ అవి మన వన్యప్రాణి చట్టం రక్షణలో వున్నాయని తెలిసి మానుకున్నాడు. గాస్ గారి కాలం జనానికి ఆ చట్టం లేకపోయె.

నాలుగు కొత్త నత్తలు వెనక గదిలోకి చేరాయి. నేను వంటింట్లో పాలలెక్క రాసుకునే క్యాలెండర్ మీద వాడు ఒకటి, రెండు అని అంకెలు వేశాడు. పదోరోజుకే విసుగొచ్చింది. "బాగానే వున్నాయి కదమ్మా, వేసేద్దామా?" అన్నాడు.

జవాబు మా అమ్మ చెప్పింది. 2020 మార్చిలో మా తమ్ముడు సింగపూరు నుంచి వచ్చినప్పటి సంగతి. మూడేళ్ల తరవాత వచ్చిన కొడుకు. గుమ్మంలో నించుంటే అమ్మ ఎదురెళ్లలేదు. లోపలి గది చూపించి, పద్నాలుగు రోజులూ తలుపు బయట కంచం పెట్టి, తట్టి, వెనక్కి వచ్చేసేది. వాడికి దగ్గయినా, తుమ్మయినా లేదు. "బాగానే వున్నాను కదమ్మా" అని లోపల్నుంచి అరిచేవాడు. అప్పటికి నాన్న ఉబ్బసంతో పక్కగదిలో వున్నారు. తమ్ముడు ఆ మాట ఎన్నాళ్లో మనసులో పెట్టుకున్నాడు, అమ్మ నన్ను అంటరానివాణ్ణి చేసిందని.

"రోజూ రాత్రి వాడు పడుకునేదాకా నేను ఆ తలుపుకి ఇవతల చాప వేసుకుని కూచునేదాన్నిరా," అంది అమ్మ మనవడితో. "వాడికి తెలీదు. చెప్పలేదు. దూరం పెట్టడమంటే వొదిలెయ్యడం కాదు నాయనా. వాకిట్లో కూచుని కాచుకోవడం."

నాకూ ఇన్నాళ్లూ తెలీదు. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు అటువైపు చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మకి ఇవ్వు" అన్నాడు.

చిన్నాడు మరి తొందరపడలేదు. ఇవాళ క్యాలెండర్ మీద డెబ్బయ్యయిదో అంకె వుంది. రేపు సాయంత్రం నత్తలు హాల్లోకి వస్తాయి. నెల్లూరు వదిన హారతిపళ్లెం తెస్తానని వేళాకోళమాడింది. అమ్మ మాత్రం నిజంగానే తెమ్మంది.